మహాసభలు తప్పు చేయగలవా, వాటికి కట్టుబడాలా? ఆర్‌సీఎం ఇంటికీ బాప్టిస్టు ఇంటికీ మధ్య ఉన్నవారికి ఎంపిక సలహా

శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలా కతోలిక కుటుంబాలకు బాప్టిస్టు బంధువులు ఉంటారు. కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు బొబ్బిలి, టెక్కలి, పాలకొండ వైపంతా సంఘాలు కట్టారు కాబట్టి అన్నయ్యది ఆర్‌సీఎం (రోమన్ కతోలిక), వదిన పుట్టింటివాళ్లది సీబీఎం (కెనడియన్ బాప్టిస్టు) కావడం ఇక్కడ మామూలే. పెళ్లి మాటల దగ్గరో, క్రిస్మస్ భోజనాల దగ్గరో ఎవరో ఒకరు అడుగుతారు: "మీ బిషప్పులంతా ఒకచోట కూర్చుని తీర్మానం చేస్తే అది దేవుని మాట అయిపోతుందా? వాళ్లూ మనుషులే కదా?" మనవాళ్లలో ఒకరు వెంటనే "శ్రీసభ (కతోలిక సంఘం) ఎప్పుడూ తప్పు చేయదు" అంటారు. అవతలివాళ్లు చరిత్రలోంచి ఒక తప్పు తీసి ముందు పెడతారు. ఇంక మాట పెరగడమే.

"ఎప్పుడూ తప్పు చేయదు" అన్నది కతోలిక బోధ కాదు. "మనుషులు కాబట్టి ఏదీ ఖాయం కాదు" అన్నది కూడా నిలబడే మాట కాదు. ఈ రెండింటి మధ్య ఉన్న జవాబులేమిటి, ఎవరికి ఏది సరిపోతుంది అన్నది చూద్దాం. నేను కతోలికుణ్ణి. నా మొగ్గు ఎటో దాచను, కానీ అవతలివారి బలం ఎక్కడుందో అదీ చెబుతాను.

## ముందు ఏం చూసుకోవాలి

అందరూ కలిపేసే రెండు ప్రశ్నలు ఉన్నాయి. బిషప్పులు కూడే మహాసభ తప్పు చేయగలదా అన్నది ఒకటి. సభ మాటకు కట్టుబడాలా అన్నది ఇంకొకటి. కలెక్టర్ ఉత్తర్వులో లోపం ఉండొచ్చు, రేపు కోర్టు దాన్ని కొట్టేయొచ్చు, అయినా అంతవరకు అది ఉత్తర్వే. అలాగే తప్పుకు అవకాశం ఉన్న మాట కూడా మనల్ని కట్టివేయగలదు. ఈ తేడా పట్టుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

ఆ తర్వాత ప్రతి జవాబునూ ఈ ప్రశ్నలతో పరీక్షించండి:

- ఏ సభ లెక్కలోకి వస్తుంది, అది ఎవరు చెబుతారు?
- సభ దేని గురించి మాట్లాడింది? విశ్వాసమా, నియమమా, ఒక మనిషి మీద తీర్పా?
- చరిత్రలో జరిగిన తప్పులను ఈ జవాబు నిజాయితీగా ఎదుర్కోగలదా?
- రేపు ఉదయం నేను చేయాల్సింది ఏమిటో చెబుతుందా?

మొదటి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. 359లో రిమినిలో 400 మందికి పైగా బిషప్పులు చేరి, క్రీస్తు దైవత్వం విషయంలో 325 నాటి నైసియా సభ మాటను పక్కనపెట్టిన ఒక సూత్రం మీద సంతకాలు పెట్టారు. చక్రవర్తి ఒత్తిడి అలాంటిది. 449లో ఎఫెసులో జరిగిన సభను పోపు లియో దొంగల సభ అన్నారు. రెండేళ్లకే కాల్సెడాన్ సభ దాన్ని రద్దు చేసింది. 754లో హియెరియాలో 338 మంది బిషప్పులు పవిత్ర చిత్రాలను ఖండించారు. 787లో రెండవ నైసియా సభ ఆ ఖండనను తిరగరాసింది. అంటే ఎంతమంది వచ్చారన్నది లెక్క కాదు. 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభకు వచ్చింది దాదాపు 150 మంది, అందరూ తూర్పువారే. అయినా మనం ఆదివారం చెప్పే విశ్వాస సంగ్రహానికి ఆ సభ పేరే ఉంది.

"బిషప్పులు కూడి తప్పు చేయలేదా?" అని అడిగితే, చేశారు, చాలాసార్లు చేశారు. అలా ఒప్పుకోవడానికి కతోలికులు భయపడక్కర్లేదు.

## ఒకే ఉత్తరంలో మూడు బరువులు

ఏ జవాబైనా మొదటి పరీక్ష అపోస్తలుల కార్యములు 15వ అధ్యాయం దగ్గరే రాయాలి. యెరూషలేములో అపోస్తలులు, పెద్దలు కూడి, అన్యజనులు సున్నతి చేయించుకోనక్కర్లేదని తేల్చారు. పరిశుద్ధాత్మకూ తమకూ ఇలా తోచిందని ఉత్తరం రాశారు. అదే ఉత్తరంలో విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం మానమన్నారు.

ఇప్పుడు ఆదివారం మాంసం దుకాణం దగ్గరకు రండి. మేకను కోశాక నెత్తురు గడ్డకట్టనిచ్చి, ముక్కలుగా కోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేయించే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. దాన్ని ముట్టని విశ్వాసులూ ఉన్నారు. ఎందుకంటే ఈ వచనమే చూపిస్తారు. కతోలికుల్లో తినేవారు తింటారు. మరి అపోస్తలుల సభ మాట కతోలికులు మీరినట్టా?

ఫ్లోరెన్సు మహాసభ 1442లో దీనికి జవాబిచ్చింది. యూదులు, అన్యులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి ఆ నాటికి అవసరమైన నియమం అది; కారణం పోయింది కాబట్టి నియమమూ పోయిందని చెప్పింది. సున్నతి అక్కర్లేదన్నది మాత్రం ఎప్పటికీ మారదు, ఎందుకంటే రక్షణ ఎలా కలుగుతుందన్నది అందులో ఉంది. జారత్వం కూడదన్నదీ మారదు, అది నీతి. ఒకే ఉత్తరం, ఒకే సభ, ఒకే ఆత్మ. కానీ మాటలన్నిటి బరువూ ఒకటి కాదు.

## జవాబు ఒకటి: కతోలిక బోధ, ఉన్నదున్నట్టుగా

పోపుగారు ఆమోదించి ప్రకటిస్తేనే మహాసభ నిర్ణయాలకు కట్టివేసే శక్తి ఉంటుందని శ్రీసభ చట్టంలోని 341వ నియమం చెబుతుంది. అలాంటి సభ విశ్వాసం లేదా నీతి విషయంలో "ఇది అందరూ తప్పక నమ్మాలి" అని ఖాయంగా నిర్వచించినప్పుడు మాత్రమే తప్పు ఉండదన్న హామీ. ఆ హామీ నిర్వచనానికే. దానికి వాళ్లు చెప్పిన వాదనలకు, చూపిన చరిత్ర ఉదాహరణలకు, సభ రాజకీయాలకు అది వర్తించదు.

749వ నియమం మూడో భాగం చాలామందికి తెలియదు. ఒక బోధ తప్పులేని విధంగా నిర్వచించబడిందని స్పష్టంగా తేలకపోతే, అలా నిర్వచించబడినట్టు ఎవరూ భావించకూడదు అంటుంది. అనుమానం ఉంటే "తప్పులేనిది" అన్న ముద్ర వేయొద్దని శ్రీసభే చెబుతోంది. మన వాదనల్లో మనం చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

| సభ మాట ఏ రకం | ఉదాహరణ | తప్పుకు వీలుందా | మనం చేయాల్సింది |
|---|---|---|---|
| ఖాయంగా నిర్వచించిన విశ్వాస సత్యం | నైసియా, 325: కుమారుడు పితతో ఏక స్వభావం గలవాడు | లేదు | విశ్వాసంతో అంగీకరించడం |
| అధికార బోధ, కానీ నిర్వచనం కాదు | రెండవ వాటికన్ మహాసభ బోధలో చాలా భాగం | మెరుగులకు, సవరణకు చోటుంది | మనసా, బుద్ధిపూర్వకంగా విధేయత (752వ నియమం) |
| క్రమశిక్షణ నియమం | బంధుత్వ వివాహాల హద్దులు | నియమం మారుతుంది | అమల్లో ఉన్నంతకాలం పాటించడం |
| మనుషుల మీద తీర్పులు, ఆనాటి పాలన | కాన్‌స్టాన్సు, 1415: చెక్ బోధకుడు యాన్ హుస్ శిక్ష | ఉంది | నిజాయితీగా పరిశీలించడం |

మూడో వరుస మన ఇళ్లకు బాగా దగ్గర. మేనరికం సంగతి చూడండి. మేనమామ కూతుర్ని చేసుకోవాలనుకునే కతోలిక అబ్బాయి ఫాదర్ గారి దగ్గరకు వెళితే, ముందు ఆయన కాగితం మీద వంశవృక్షం గీస్తారు. అబ్బాయి, అతని తల్లి, ఆమె తమ్ముడు, అతని కూతురు: నాలుగో మెట్టు. 1091వ నియమం ప్రకారం నాలుగో మెట్టు దాకా పెళ్లి చెల్లదు, బిషప్ గారు మినహాయింపు ఇస్తే తప్ప. కారణాలు రాసి, దరఖాస్తు శ్రీకాకుళం బిషప్ హౌస్‌కు పంపాలి. మినహాయింపు వస్తుందా రాదా అన్న టెన్షన్‌లో రెండు కుటుంబాలూ ఉంటాయి. "మన ఆచారానికి రోముతో పనేమిటి?" అని తాతయ్య కోప్పడతాడు.

ఈ హద్దు ఆకాశం నుంచి దిగలేదు. ఒకప్పుడు ఏడు తరాల దాకా బంధువులను చేసుకోకూడదనేవారు. 1215లో నాలుగవ లాటరన్ సభ దాన్ని నాలుగు తరాలకు తగ్గించింది. కాలం మారినప్పుడు మనుషులు చేసిన శాసనాలు మారితే తప్పుపట్టకూడదని ఆ సభే రాసింది. 1917 చట్టం ఇంకా తగ్గించింది, 1983 చట్టం ఇంకాస్త సడలించింది. పెళ్లికి ముందు గుడిలో పేర్లు చదివించే పద్ధతిని అంతటా తప్పనిసరి చేసింది కూడా ఆ లాటరన్ సభే. మారే నియమం కాబట్టి పట్టించుకోనక్కర్లేదనకండి: మినహాయింపు లేకుండా చేసుకుంటే ఆ పెళ్లి శ్రీసభ లెక్కలో చెల్లదు.

అదే లాటరన్ సభ ఇంకో పని కూడా చేసింది. యూదులు, ముస్లింలు వేరుగా గుర్తుపట్టేలా బట్టలు వేసుకోవాలంది. అది అన్యాయం. ఇంకో మాట నేను అనలేను. బట్టలతో, చోటుతో మనిషిని వేరుగా నిలబెడితే ఎంత గుచ్చుకుంటుందో మన ఊళ్లలో చాలామందికి విడమరిచి చెప్పక్కర్లేదు. 1965లో రెండవ వాటికన్ సభ యూదుల పట్ల ద్వేషాన్ని, హింసను గట్టిగా తప్పుపట్టింది. కతోలిక జవాబు ఈ తప్పును కాదనదు. అది నిర్వచించిన విశ్వాసం కాదంటుంది, అంతే. ఇది తప్పించుకోవడంలా వినిపిస్తుందని నాకు తెలుసు. కానీ ఈ గీత తప్పు బయటపడ్డాక గీసింది కాదు. యెరూషలేము ఉత్తరంలోనే ఉంది.

ఈ జవాబుకు బలహీనత లేదా? ఉంది. ఏ మాట ఏ వరుసలోకి వస్తుందో తేల్చడం సామాన్యుడికి కష్టం. ఫాదర్లు కూడా ఒకరొక మాట చెబుతారు.

## జవాబు రెండు: సభలు తప్పు చేయగలవు, వాక్యమే గీటురాయి

1519లో లైప్‌సిగ్ చర్చలో, హుస్‌ను ఖండించిన కాన్‌స్టాన్సు సభ తప్పు చేసిందని ప్రొటెస్టంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ బాహాటంగా అన్నాడు. 1521లో వోర్మ్స్‌లో పోపులు, సభలు చాలాసార్లు తప్పారని, ఒకరి మాట ఒకరు ఖండించుకున్నారని చక్రవర్తి ముందు నిలబడి చెప్పాడు. ఆంగ్లికన్ల 39 సూత్రాల్లో 21వది కూడా సార్వత్రిక సభలు తప్పగలవు, తప్పాయి అంటుంది.

దీని బలం నైతిక ధైర్యం. రక్షణ పత్రం చేతిలో ఉండగానే హుస్‌ను పట్టుకుని, 1415లో తగలబెట్టారు. ఆ అన్యాయాన్ని అన్యాయమని సూటిగా అనగల జవాబు ఇది. ఆ క్రూర మరణానికి జాన్ పాల్ పోపుగారు 1999లో విచారం తెలిపారు. అనడానికి 584 ఏళ్లు పట్టింది. బాప్టిస్టు బంధువు ఈ మాట ఎత్తినప్పుడు తల దించుకుని వినడమే మర్యాద.

మన బాప్టిస్టులు ఇంకో అడుగు ముందుకు వేస్తారు. సీబీసీఎన్‌సీ (ఉత్తర సర్కారు బాప్టిస్టు సంఘాల కూటమి) లాంటి కన్వెన్షన్ ఉన్నా, ఏ ఊరి సంఘం ఆ ఊళ్లో వాక్యం కింద తన నిర్ణయం తాను తీసుకోవాలన్నది వాళ్ల సిద్ధాంతం. మేనరికం? లేవీయకాండం 18లో ఆ వరుస లేదు కాబట్టి అడ్డు లేదంటారు. రక్తం? ఎవరి మనస్సాక్షి వారిది.

కష్టం ఎక్కడంటే, వాక్యాన్ని ఇద్దరు రెండు రకాలుగా చదివితే తేల్చేది ఎవరు? క్రీస్తు పితతో సమానుడు కాడన్న అరియస్ కూడా వచనాలు చూపించే వాదించాడు. వాక్యంలో ఏ పుస్తకాలు ఉన్నాయన్నదే ఇంకా పెద్ద ప్రశ్న: 66 అని వీళ్లు, 73 అని ట్రెంట్ సభ 1546లో. ఆ జాబితాను బైబిల్ లోపలినుంచి తీయలేం. ఈ ఒక్క చోటే నేను కతోలిక జవాబు వైపు మొదట వాలాను. త్రిత్వం గురించి బాప్టిస్టు పాస్టర్ గారు చెప్పే మాటలు కూడా చాలావరకు నైసియా, కాన్‌స్టాంటినోపుల్ సభలు తేల్చిన మాటలే. వాటికి వాక్యం మద్దతు ఉందని వారంటారు, నిజమే. కానీ సభ తేల్చకముందు ఆ మద్దతు అందరికీ కనిపించలేదు.

## జవాబు మూడు: ఆర్థడాక్స్

గ్రీకు, రష్యా వంటి తూర్పు క్రైస్తవ సంఘాల లెక్కలో సభలు ఏడు మాత్రమే (కతోలికులు 21 లెక్కపెడతారు). సభ మాట సరైనదని చివరికి తేల్చేది మొత్తం సంఘం దాన్ని స్వీకరించడమే. రిమిని, ఎఫెసు, హియెరియా సభలు ఎందుకు కొట్టుకుపోయాయో ఈ జవాబు చక్కగా వివరిస్తుంది. రక్తం తినకూడదని 692 నాటి ట్రుల్లో సభ పెట్టిన నియమం వారి నియమాల్లో ఇంకా ఉంది. మన జిల్లాల్లో దీన్ని ఎంచుకునే అవకాశం ఎవరికీ దాదాపు రాదు, కానీ ఆలోచనగా విలువైనది. దీని లోటు, స్వీకరణ తేలేసరికి ఒక తరం గడిచిపోవచ్చు. అప్పటిదాకా విశ్వాసి ఏం చేయాలి?

## జవాబు నాలుగు: "రెండవ వాటికన్ మమ్మల్ని కట్టివేయదు"

ఇది బయటివారిది కాదు, మనలోపలిదే. యూట్యూబ్‌లో లాటిన్ పూజ వీడియోలు చూసే కుర్రాళ్ల నోట ఈ మధ్య వింటున్నాను. వారి వాదన: 1962–65 సభ ఏ విశ్వాస సత్యాన్నీ కొత్తగా నిర్వచించలేదు, అది కేవలం కాపరి ధర్మం కోసం జరిగిన సభ, కాబట్టి నచ్చకపోతే వదిలేయొచ్చు.

మొదటి సగం నిజం. 1966 జనవరి 12న ఆరవ పౌలు పోపుగారు స్వయంగా అలాగే అన్నారు: తప్పులేనితనపు ముద్రతో అసాధారణ నిర్వచనాలు చేయకుండా సభ ఆగింది. కానీ ఆ వెంటనే, సభ బోధకు అత్యున్నత సాధారణ బోధనాధికారం ఉందనీ విశ్వాసులందరూ విధేయంగా స్వీకరించాలనీ అన్నారు. వీడియోలో మొదటి ముక్క చూపిస్తారు, రెండోది కోసేస్తారు. పై పట్టికలో మొదటి వరుసలో లేనిది నాలుగో వరుసలోకి జారిపోదు. రెండో వరుస ఉంది.

తెలుగులో పూజ వినడం మనకు ఈ సభ వల్లే దక్కింది. పొలం పనికి వెళ్లే అవ్వకు అర్థమయ్యే భాషలో ప్రార్థన వచ్చింది. లాటిన్ మీద ప్రేమ ఉండడంలో తప్పేమీ లేదు. ఆ ప్రేమను సభ మీద తిరుగుబాటుగా మార్చితే ఎక్కడికి పోతుందో 1988లో ఈ సభ మార్పులను వ్యతిరేకించిన ఫ్రెంచి ఆర్చిబిషప్ లెఫెబ్ర్ గారు పోపు ఆజ్ఞ లేకుండా నలుగురు బిషప్పులను అభిషేకించినప్పుడు చూశాం.

"పోపుకన్నా మహాసభే పెద్ద" అన్న పాత వాదం కూడా ఒకటుంది. 1415లో ముగ్గురు మనుషులు తామే పోపులమంటున్నప్పుడు కాన్‌స్టాన్సు సభ అలా ప్రకటించింది. ఆ సభే గొడవ తీర్చి 1417లో అయిదవ మార్టిన్‌ను ఎన్నుకుంది కాబట్టి ఆ వాదానికి కొంత గౌరవం దక్కింది. 1870లో మొదటి వాటికన్ సభ ఆ తలుపు మూసేసింది. ఈ రోజు కతోలికుడిగా ఉంటూ దాన్ని ఎంచుకోవడం కుదరదు.

## ఎవరికి ఏది

కతోలిక, బాప్టిస్టు జంట పెళ్లి చేసుకుంటుంటే: ముందు సిద్ధాంతం తేల్చుకుని తర్వాత పెళ్లి అనుకోకండి, అది తెగదు. ఆచరణ చూసుకోండి. ఫాదర్, ఇద్దరు సాక్షుల ముందు జరగకపోతే పెళ్లి చెల్లదన్న నియమం ట్రెంట్ సభ 1563లో పెట్టింది. అంతకుముందు రహస్యంగా జరిగిన పెళ్లిళ్లు కూడా నిజమైన పెళ్లిళ్లేనని అదే పత్రం ఒప్పుకుంది. అంటే ఇది క్రమశిక్షణ, మినహాయింపు దొరికేది. బాప్టిస్టు చర్చిలోనే చేయాలని అమ్మాయి తరఫువారు పట్టుబడితే, బిషప్ గారి అనుమతి, పద్ధతి నుంచి మినహాయింపు రెండూ అడగండి. పిల్లలను కతోలికులుగా పెంచడానికి శాయశక్తులా ప్రయత్నిస్తానని కతోలికులు మాటివ్వాలి. ఆ సంగతి అవతలివారికి ముందే తెలియాలి. శుభలేఖలు అచ్చయ్యాక చెప్పడం మోసం.

బంధువులతో వాదనలో ఇరుక్కున్నవారికి: రిమిని, హుస్, లాటరన్ బట్టల నియమం మీరే ముందు ఒప్పుకోండి. తర్వాత 66, 73 పుస్తకాల ప్రశ్న నెమ్మదిగా అడగండి.

బాప్టిస్టుగా ఉంటూ ఇది చదువుతున్నవారికి: కతోలికులు ప్రతి సభ ప్రతి మాటా తప్పులేనిదంటారని అనుకుంటే, దయచేసి అది పక్కనపెట్టండి. మా వాదం అంతకన్నా చిన్నది, అందుకే బలమైనది. మీకు నచ్చకపోతే అసలు వాదాన్నే కాదనండి.

ఒక బోధ మనసుకు ఎక్కక నలిగిపోతున్న కతోలికులకు: ముందు అది పట్టికలో ఏ వరుసో కనుక్కోండి. నిర్వచించిన విశ్వాస సత్యమైతే, అర్థం కాకపోవడం వేరు, తిరస్కరించడం వేరు. అర్థం కాకుండానే పట్టుకుని ప్రార్థించవచ్చు. రెండో వరుసదైతే, నిజాయితీగా చదివాక కూడా ఇబ్బంది మిగలడం జరగవచ్చని 1990లో రోము ఇచ్చిన పత్రం వేదశాస్త్ర పండితుల విషయంలో ఒప్పుకుంది. ఆ ఇబ్బందిని వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా, చదువుకున్న ఒక ఫాదర్ దగ్గర కూర్చుని చెప్పుకోండి. అది పాపం చేసినట్టు కాదు.

సత్యోపదేశం చెప్పే ఉపదేశులకు, సిస్టర్లకు: పిల్లలకు ఏ సభ పేరు చెప్పినా, అది నిర్వచించినదేమిటో, మారే నియమమేమిటో విడివిడిగా చెప్పండి. నైసియా దగ్గరే మొదలుపెట్టవచ్చు. క్రీస్తు దైవత్వం గురించి అది చెప్పింది ఈ రోజుకీ మన విశ్వాసం. ఆదివారాల్లో మోకరించకూడదని దాని 20వ నియమం చెప్పింది. మనం ప్రతి ఆదివారం పూజలో మోకరిస్తున్నాం. ఈ రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి, తేడా ఏమిటో పిల్లలనే అడగండి.